లీజులో లేని పేరు

లీజింగ్ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. బయట ఆగస్టు ఎండ. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్‌లో రైలు దిగి వాల్‌నట్ అవెన్యూ మీద నడిచొచ్చావు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. బల్లకు అవతల కూర్చున్నావిడ నవ్వుతూ మంచినీళ్ల సీసా ఇచ్చింది. రెండు బెడ్‌రూముల ఇల్లు ఒకటి ఖాళీగా ఉందని తీసుకెళ్లి చూపించింది కూడా. వంటింటి కిటికీలోంచి మిషన్ పీక్ కొండ కనిపించింది, ఎండకు గడ్డంతా ఎండి పసుపు రంగు తిరిగి ఉంది. నరసరావుపేటలో అమ్మ లేవగానే ఆ కిటికీ ఫొటో పంపాలనుకున్నావు. ఇప్పుడు మళ్లీ ఆఫీసులో కూర్చున్నాక ఆవిడ ఒక దరఖాస్తు నీ ముందుకు జరిపింది.

సోషల్ సెక్యూరిటీ నంబరు రాయాలి. క్రెడిట్ స్కోరు చూస్తారు. ఇంతకుముందు అద్దెకున్న ఇంటి చిరునామా, ఆ యజమాని ఫోను నంబరు ఇవ్వాలి. నెల జీతం అద్దెకు కనీసం రెండున్నర రెట్లు ఉండాలి. అద్దేమో మూడు వేల డాలర్ల పైచిలుకు.

నువ్వు ఫోల్డరు తెరిచావు. పాస్‌పోర్టులో ఎఫ్-1 వీసా ఉంది. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 ఉంది. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి నాన్న తెచ్చిన ఎడ్యుకేషన్ లోను శాంక్షన్ లెటరు ఉంది. చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో నాన్న ఆస్తుల లెక్క ఉంది. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కాన్సులేట్ కిటికీ ముందు ఈ కాగితాలే నిన్ను గట్టెక్కించాయి. ఆవిడ వాటిని ఒకటొకటిగా, మర్యాదగా చూసింది. పక్కన పెట్టింది.

"ఇక్కడ ఆదాయం ఏమైనా ఉందా?"

లేదు. ఎఫ్-1 విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబరు రావాలంటే ముందు ఉద్యోగం ఉండాలి. ఉద్యోగమంటే మొదటి ఏడాది క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా. అది దొరికితే నంబరొస్తుంది, నంబరొస్తే బ్యాంకు కార్డొస్తుంది, కార్డు బిల్లులు నెలల తరబడి సరిగ్గా కడితే స్కోరు మొదలవుతుంది. ఇల్లు మాత్రం ఇవాళ కావాలి.

"కో-సైనర్ ఎవరైనా ఉన్నారా? ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లు, నీ బదులు పూచీ పడేవాళ్లు?"

నాన్న స్నేహితుడి బావమరిది ఇదే ఊళ్లో ఉన్నారు. వచ్చిన మర్నాడే ఫోన్ చేసి, ఆదివారం భోజనానికి రమ్మన్నారు, వెళ్తే కడుపునిండా పెట్టారు, డబ్బాలో గోంగూర పచ్చడి కట్టిచ్చారు. ఆయన్ని అడగొచ్చు. నువ్వు అద్దె కట్టకపోతే ఆయన కట్టాలి, నీతో చేరబోయే మిగతావాళ్లు ఎగ్గొట్టినా ఆయనే కట్టాలి. ఆ సంగతి ఆవిడ వివరిస్తుంటేనే నీకు నోరు ఎండిపోయింది. అన్నం పెట్టిన మనిషిని సంతకం పెట్టమని ఎలా అడుగుతావు?

"డిపాజిట్ ఎక్కువ కడతాను" అన్నావు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఒకప్పుడు ఆ దారి ఉండేది. క్రెడిట్ లేనివాళ్ల దగ్గర రెండు నెలల అద్దె డిపాజిట్‌గా తీసుకుని తాళాలిచ్చేవాళ్లు. 2024 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక్క నెల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. రెండు ఇళ్లకు, మొత్తం నాలుగు వాటాలకు మించి లేని చిన్న యజమానులకే రెండు నెలల దాకా సడలింపు. మంచి చట్టమే. లక్షల మంది అద్దెవాళ్ల మీద భారం తగ్గించింది. అయితే నీలా డబ్బుండి క్రెడిట్ చరిత్ర లేనివాడికి మిగిలిన ఒక్క తలుపూ దానివల్లే మూసుకుంది.

దరఖాస్తు ఫీజు గురించి మాత్రం అడిగే బయటికి రా. 2025 జనవరి నుంచి ఇక్కడ ఒక నియమం ఉంది. దరఖాస్తుల్ని వచ్చిన వరసలో, ముందే రాసిపెట్టిన అర్హతల ప్రకారం చూడాలి. అలా చూడకుండా అందరి దగ్గరా ఫీజు తీసుకుంటే, ఇల్లు దక్కనివాళ్లకు తిరిగి ఇచ్చెయ్యాలి. అరవై డాలర్లంటే నీకు వారం కూరగాయలు.

బయటికొచ్చావు. ఈ ఊరికి ఒక నడిబొడ్డంటూ లేదు. 1956 జనవరి 23న సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోజే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్లను కలిపి ఫ్రీమాంట్ అని పేరు పెట్టారు. ఇప్పటికీ అవి ఒకదానికొకటి దూరదూరంగానే ఉన్నాయి. సెంటర్‌విల్ వైపు అఫ్గాన్ రొట్టెల కొట్లు. నైల్స్‌లో 1915లో చాప్లిన్ సినిమాలు తీసిన వీధి. దక్షిణాన వార్మ్ స్ప్రింగ్స్‌లో కార్ల కర్మాగారం. కారు లేని నీకు ఈ మ్యాపులో పనికొచ్చేది బార్ట్ స్టేషన్ చుట్టూ ఉన్న కొద్ది వీధులే. 1972 నుంచి 2017 దాకా రైలు ఇక్కడితోనే ఆగిపోయేది, ఇప్పుడు శాన్ హోజే అంచున బెర్రియెస్సా దాకా పోతోంది. అందుకే ఈ నడక దూరంలోని అపార్టుమెంట్లంటే మన పిల్లలకి అంత గిరాకీ. ఒకే ఇంట్లో ఒకడు ఉత్తరానికి హేవర్డ్ వెళ్లి ఈస్ట్ బేలో చదువుతాడు, ఇంకొకడు దక్షిణానికి శాన్ హోజే స్టేట్‌కి వెళ్తాడు, మరొకడు ఈ ఊళ్లోనే చదువుతాడు.

సరే, స్టేషన్ బయట బల్ల మీద కూర్చుని వాట్సాప్ గ్రూపు తెరువు. "హాల్ షేరింగ్, బార్ట్‌కి ఎనిమిది నిమిషాల నడక, యుటిలిటీస్ ఎక్స్‌ట్రా." "మాస్టర్ బెడ్‌రూమ్ షేరింగ్, వెజ్ ఓన్లీ." "గర్ల్స్ ఓన్లీ, తెలుగు ప్రిఫర్డ్." వరసగా ఉన్నాయి. ఒకదానికి ఫోన్ చేశావు.

"హలో అన్నా, గ్రూపులో పోస్టు చూశాను."

"ఆ, చెప్పు బ్రో. ఏ యూనివర్సిటీ?"

"ఈస్ట్ బే అన్నా. ఫాల్ ఇన్‌టేక్."

"ఊరెక్కడ?"

"నరసరావుపేట."

"ఓ, మన సైడే. ఫుల్ నేమ్ ఏంటి బ్రో?"

చెప్పావు.

"అదే, ఇంటిపేరుతో చెప్పు."

ఇంటిపేరు చెప్పావు. అటువైపు కొద్దిసేపు మాటలేదు. మీ ఊళ్లో ఫలానావాళ్లు మీకేమవుతారని అడిగాడు. ఏమీ కారన్నావు. రూమ్మేట్స్‌తో మాట్లాడి చెప్తా బ్రో అన్నాడు. గంట తర్వాత చూస్తే అదే పోస్టు మళ్లీ గ్రూపులో పడింది, స్పాట్ ఇంకా ఖాళీ అని.

ఇది కడుపు రగిలే సంగతి. మనవాళ్లు ఎంతమంది ఎంత నొచ్చుకున్నా చెప్పి తీరాల్సిన సంగతి. పదమూడు వేల కిలోమీటర్ల దూరం వచ్చి, తెల్లవాళ్లు రంగు చూసి ఇల్లు ఇవ్వలేదని బాధపడే హక్కు మనకు ఎక్కడిది, మన పిల్లవాడికి ఇంటిపేరు అడిగి చాప ఇవ్వనప్పుడు? హేవర్డ్, ఫ్రీమాంట్ ప్రాంతాల నుంచి గెలిచిన రాష్ట్ర సెనేటరు ఆయిషా వహాబ్ 2023లో కులవివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లు తెచ్చారు. రెండు సభలూ ఆమోదించాయి. ఉన్న చట్టాల్లోనే ఆ రక్షణ ఉందంటూ గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబరు 7న వీటో చేశారు. ఉంది సరే, ఫోనులో కొద్దిసేపు మాట ఆగిపోవడాన్ని ఏ కోర్టుకి తీసుకెళ్తావు?

రెండో ఫోను అవసరం లేకుండానే ఒక మెసేజ్ వచ్చింది. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి, అద్దె ఊళ్లో రేటులో సగం. యజమాని వేరే దేశంలో ఉన్నాడట, డిపాజిట్ బ్యాంకు యాప్‌లోంచి జెల్ (Zelle) ద్వారా పంపితే తాళాలు కొరియర్లో వస్తాయట. చేతిలో ఫోను, ఫోనులో బ్యాంకు యాప్, వేలు దాని మీదికే పోతోంది. ఆపు. లోపలికి అడుగు పెట్టి చూడని ఇంటికి పైసా పంపొద్దు. జెల్‌లో నీ అంతట నువ్వు పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

సాయంత్రమయ్యాక సీనియర్ నుంచి ఫోనొచ్చింది. "ఎక్కడున్నావ్ రా? తిన్నావా? ఇల్లు దొరికేదాకా మా దగ్గరకొచ్చెయ్." శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో నిన్ను ఎక్కించుకోవడానికి అర్ధరాత్రి కారేసుకుని వచ్చింది అతనే.

మెట్లెక్కుతుండగానే తాలింపు వాసన. గుమ్మం బయట చెప్పుల కుప్ప. లోపల హాల్లో గోడవారగా మూడు పరుపులు, వాటి మీద ల్యాప్‌టాప్‌లు, ఛార్జర్లు. సోఫా ఎవరో వదిలేసి వెళ్లింది, డైనింగ్ టేబుల్ ఎవరో ఖాళీ చేస్తూ ఇచ్చింది. రైస్ కుక్కర్ ఆవిరి కక్కుతోంది. బాల్కనీలో సూట్‌కేసులు ఒకదాని మీదొకటి. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే సీలింగ్ మీది స్మోక్ అలారం కూతపెట్టింది. ఒకడు టవలు తీసుకుని దాని కింద విసరడం మొదలుపెట్టాడు, ఇంకొకడు బాల్కనీ తలుపు తీశాడు. ఎవరూ కంగారు పడలేదు, అందరికీ అలవాటే. దయచేసి ఆ అలారానికి ప్లాస్టిక్ కవరు తొడగొద్దు, బ్యాటరీ తీయొద్దు. ఇన్ని పరుపులు, ఇన్ని వైర్లు ఉన్న ఇంట్లో అదొక్కటే మిమ్మల్ని నిద్రలేపేది.

పప్పు, బంగాళదుంప వేపుడు, నీ గోంగూర. వారం రోజుల్లో నువ్వు తిన్న మంచి భోజనం ఇదే. తిన్నాక సీనియర్ లెక్క చెప్పాడు. నీ వాటా నెలకు 650, కరెంటు, ఇంటర్నెట్ స్ప్లిట్‌వైజ్ యాప్‌లో వేస్తారు. డిపాజిట్ 600, నీకంటే ముందు ఈ పరుపు మీద పడుకుని ఉద్యోగమొచ్చి వెళ్లిపోయినవాడికి పంపాలి.

"లీజులో నా పేరు రాయిస్తారా అన్నా?"

"లీజులో ఇద్దరమే ఉన్నాం రా. ఇంకా రాయిస్తే వాళ్లకి ఎంతమందిమి ఉన్నామో తెలుస్తుంది. ఏం కాదులే, నేనున్నాగా."

అతను ఉన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. పేగుబంధం ఏమీ లేకుండా నీకు కూడు, గూడు ఇచ్చినవాణ్ని రసీదు అడగడం అవమానంగా తోచి ఊరుకున్నావు. మన పిల్లల కష్టాలన్నీ ఈ మొహమాటం దగ్గరే మొదలవుతాయని నా నమ్మకం. మోసగాళ్ల చేతిలో పోయేవాళ్లు కొందరే. ఎక్కువమందికి నష్టం జరిగేది మంచివాళ్ల చేతుల్లోనే, కాగితం లేకపోవడం వల్ల.

ఆ 600 ఎక్కడికి పోయిందో ఒకసారి చూడు. అసలు డిపాజిట్ లీజింగ్ ఆఫీసు దగ్గర ఉంది, మొదట సంతకం పెట్టినవాళ్ల పేరు మీద. వాళ్లలో ఒకడు వెళ్లిపోతూ తన వాటా తర్వాతివాడి దగ్గర తీసుకున్నాడు. వాడు ఆ తర్వాతివాడి దగ్గర. పెళ్లి బంతిలో గరిటె చేతులు మారినట్టు ఆ డబ్బు చేతులు మారుతూ వచ్చింది, చివరికి నీ దగ్గర ఆగింది. నువ్వు కట్టింది డిపాజిట్ కాదు. ముందువాడి నష్టాన్ని కొనుక్కున్నావు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒక సాయంత్రం క్లాసు నుంచి వచ్చేసరికి తలుపుకు పొద్దున్నే అంటించిన కాగితం ఉంది. రేపు ఉదయం తనిఖీ. ఇక్కడ యజమాని మామూలుగా ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పారు. రాత్రి పదకొండింటికి ఇంట్లో కదలిక మొదలైంది. హాల్లో పరుపులు మడిచి రెండు కార్ల డిక్కీల్లో కుక్కారు. బాత్రూములో బ్రష్షులు రెండే ఉంచి మిగతావి కవర్లో వేశారు. పొద్దున్నే ఏడింటికి, లీజులో పేరు లేనివాళ్లందరూ తలా ఒక బ్యాగు వేసుకుని బయటికి నడిచారు. వాళ్లలో నువ్వొకడివి.

సెంట్రల్ పార్కులో లేక్ ఎలిజబెత్ గట్టున సూట్‌కేసు పక్కన పెట్టుకుని కూర్చున్నావు. బాతులు, పరుగెత్తేవాళ్లు, నడకకొచ్చిన మన పెద్దవాళ్లు. శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ ఆగి, "ఏం బాబూ, ఊరికి వెళ్తున్నావా?" అని తెలుగులోనే అడిగింది, నీ ముఖం చూసి ఎలా పోల్చుకుందో. అవునండీ అన్నావు. లైబ్రరీ తెరిచే వేళయ్యాక స్టీవెన్‌సన్ బూలవార్డ్ వైపు వెళ్లి లోపల కూర్చున్నావు. అద్దె కట్టిన ఇంట్లోంచి దొంగలా బయటికొచ్చిన రోజు అది. ఆ రోజు పాఠం ఏదీ బుర్రకెక్కలేదు.

ల్యాప్‌టాప్ తెరిస్తే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నుంచి మెయిలు. చిరునామా మారితే పది రోజుల్లోగా తెలియజెయ్యాలి, విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో నమోదు చేస్తాం అని. ఏ చిరునామా ఇస్తావు? లీజులో నువ్వు లేవు. ఉత్తరాల పెట్టె మీద నీ పేరు లేదు. లీజింగ్ ఆఫీసు వాళ్లను అడిగితే ఆ పేరుగల మనిషి ఇక్కడ లేడంటారు. ఆ సందేహంతో మెయిలు మూసేశావు. మూసెయ్యకు. లీజులో పేరు ఉన్నా లేకపోయినా నువ్వు నిజంగా పడుకునే చోటే నీ చిరునామా, అదే ఇవ్వాలి. అద్దె ఒప్పందం సంగతి వేరు, సెవిస్ సంగతి వేరు.

ఈ జాగ్రత్త ఎందుకో కిటికీలోంచి తూర్పుకు చూస్తే తెలుస్తుంది. ఆ కొండల వెనక, 680 హైవే మీద సునోల్ దాటితే ప్లెజంటన్. 2011 జనవరిలో అక్కడి ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. అందులో చేరిన 1,500 మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. ప్రభుత్వం కోర్టుకిచ్చిన పత్రాల్లో ఒక వివరం ఉంది. ఆ విద్యార్థుల్లో సగం మందికి పైగా సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్టుమెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపించారు. అసలు ఎవరెక్కడ ఉన్నారో దాచడానికి యూనివర్సిటీ చేసిన పని అది. యజమానురాలు సుసాన్ సూకి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కానీ ముందుగా శిక్ష పడింది పిల్లలకి. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు, ఆ ఫొటోలు ఇక్కడా మన ఊళ్లలోనూ పత్రికల్లో వచ్చాయి. తర్వాత 2015 డిసెంబరులో, ఈ ఫ్రీమాంట్‌లోనే అప్పట్లో ఆ పేరుతో ఉన్న నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్ యూనివర్సిటీలోనూ శాన్ హోజేలోని మరో యూనివర్సిటీలోనూ చేరడానికి బయల్దేరిన 19 మందిని హైదరాబాద్‌లో విమానం ఎక్కనివ్వలేదు. వీసా ఉంది, టికెట్ ఉంది, అయినా వెనక్కి ఇంటికి. మన పిల్లల చదువు ఎంత సన్నని దారం మీద నడుస్తుందో తెలిసిన ఊరు ఇది. ఒక్క చిరునామా తప్పుగా ఉన్నా ఆ దారానికి పురి విడిపోవచ్చు.

సాయంత్రం ఇంటికొచ్చావు. తనిఖీ అయిపోయింది, పరుపులు మళ్లీ హాల్లోకొచ్చాయి. అందరూ నవ్వుకున్నారు. నీకు నవ్వు రాలేదు.

మే నెల. సీనియర్‌కి డాలస్‌లో ఉద్యోగమొచ్చింది. ఆ రాత్రి కేకు కోశారు, నువ్వే బిర్యానీ వండావు. లీజులోని రెండో అతను ముందే వేరే ఊరు వెళ్లిపోయాడు. లీజు ఆగస్టు దాకా ఉంది. "నువ్వు అద్దె కడుతూ ఉండు, అయిపోయాక డిపాజిట్ రాగానే నీకు పంపిస్తా" అన్నాడు సీనియర్. మళ్లీ నిజాయతీగానే అన్నాడు.

ఆగస్టు రానే వచ్చింది. ఖాళీ చేసే రోజు నువ్వొక్కడివే చీపురు పట్టుకుని ఉన్నావు. స్టవ్ పక్కన కౌంటరు మీద పసుపు మరక ఎంత తోమినా పోవడం లేదు. హాలు కార్పెట్ మీద పరుపులున్న మేర నలుపు కట్టింది, ఒక మూల ఎప్పటిదో సాంబారు మరక. అది నీది కాదు. ఎవరిదో చెప్పడానికి ఎవరూ లేరు. నువ్వు చేరిన రోజు ఇల్లెలా ఉందో ఫొటో కూడా లేదు.

ఇక్కడ ఏం జరగాలో చట్టంలో చాలా స్పష్టంగా ఉంది. ఖాళీ చేసిన 21 రోజుల్లోగా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోత వేస్తే దేనికెంత అని లెక్క రాసి పంపాలి. వాడకంలో సహజంగా అరిగినదానికి కోత వెయ్యకూడదు. ఏళ్లు గడిచిన పాత కార్పెట్‌కి కొత్త కార్పెట్ ఖరీదు వసూలు చెయ్యకూడదు. ఖాళీ చెయ్యడానికి ముందు రెండు వారాల్లో ఒకసారి వచ్చి చూసి, ఏం బాగుచెయ్యాలో చెప్పమని అద్దెవాడు అడగొచ్చు. 2025 నుంచి యజమానులే ఇంటి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. దురుద్దేశంతో డబ్బు బిగపడితే డిపాజిట్‌కి రెండు రెట్ల దాకా అదనంగా కోర్టు వేయించొచ్చు. ఈ హక్కులన్నీ లీజులో పేరున్న మనిషి చేతికి చక్కగా అందుతాయి. నీకు చెక్కు రాదు, లెక్క రాదు. అవి డాలస్‌కి వెళ్తాయి.

లెక్క డాలస్ వెళ్లింది. కార్పెట్, శుభ్రం చేయించడం, పెయింటు, అన్నీ పోగా మిగిలింది సగంలో సగం. సీనియర్ ఫోన్ చేసి బాధపడ్డాడు. ఇచ్చింది తీసుకున్నావు. ఈసారి కూడా ఏమీ అనలేదు.

నీ కథ ఇంతటితో పోయింది. ఇంకొందరికి ఇంతకన్నా ఘోరంగా జరుగుతుంది. లీజు ఉన్నవాడికి కొత్త రూమ్మేట్ దొరికితే, రేపటిలోగా ఖాళీ చెయ్యమంటాడు. ఎదురుచెబితే ఇమ్మిగ్రేషన్ వాళ్లకి చెబుతానంటాడు. మన పిల్లలు ఆ మాట వినగానే వణికిపోయి, రాత్రికి రాత్రి సూట్‌కేసుతో స్టేషన్‌లో కూర్చుంటారు. వణకొద్దు. అద్దెవాళ్లను ఇమ్మిగ్రేషన్ పేరుతో బెదిరించడం కాలిఫోర్నియాలో 2018 నుంచి చట్టవిరుద్ధం. అద్దె కడుతూ ఉంటున్న మనిషిని తాళం మార్చి, కరెంటు ఆపి, సామాన్లు బయట పారేసి పంపించడానికి వీల్లేదు. అలా చేస్తే రోజుకి 100 డాలర్ల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు. నీ పేరు లీజులో లేకపోయినా, నీ దగ్గర అద్దె తీసుకుంటున్నవాడు నీకు యజమాని కిందే లెక్క. డబ్బు ఎగ్గొడితే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్లొచ్చు, 12,500 డాలర్ల దాకా, లాయర్ అక్కర్లేదు. జెల్‌లో పంపిన ప్రతి చెల్లింపూ, "అద్దె వచ్చింది బ్రో" అన్న ప్రతి వాట్సాప్ మెసేజూ సాక్ష్యమే. అందుకే చెల్లింపు పక్కన ఏ నెల అద్దె, ఏ ఇల్లు అని ప్రతిసారీ రాయి. డిపాజిట్ అయితే డిపాజిట్ అని రాయి. నగదు ఇవ్వొద్దు.

సామాను మళ్లీ వాల్‌నట్ అవెన్యూ మీదికొచ్చింది. ఇప్పుడు నీకు సోషల్ సెక్యూరిటీ నంబరుంది, క్యాంపస్ లైబ్రరీలో ఉద్యోగం ఉంది, చిన్న క్రెడిట్ స్కోరు ఉంది. నలుగురు కలిసి, నలుగురి పేర్లతో దరఖాస్తు పెట్టబోతున్నారు. రెండు బెడ్‌రూములకు అయిదుగురి దాకా ఉండొచ్చనేది కాలిఫోర్నియాలో వాడుకలో ఉన్న లెక్క, కాబట్టి దాచాల్సిన మనిషి ఎవరూ లేరు. ముగ్గురికి ఇంకా ఆదాయం చాలదు. పూచీ పడే మనిషి కావాలి.

అందుకే ఫ్రీమాంట్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ విన్నపం. మీలో చాలామంది ఇలాంటి హాల్లోనే, ఇలాంటి పరుపు మీదే అమెరికా బతుకు మొదలుపెట్టారు. ఆగస్టు వస్తే పిల్లల్ని భోజనానికి పిలుస్తున్నారు, సంతోషం. ఈసారి భోజనమయ్యాక వాళ్ల లీజు కాగితం తెప్పించి చదవండి. తెలిసిన కుటుంబంలోని పిల్లవాడికి, ఒక్కడికైనా, కో-సైనర్‌గా సంతకం పెట్టండి. మీ ఇంట్లో గది అద్దెకిస్తుంటే నెలవారీ ఒప్పందం రాసివ్వండి, ఇంటిపేరు అడక్కండి. ఉద్యోగమొచ్చి ఊరు మారుతున్న సీనియర్లు వెళ్లేముందు లీజింగ్ ఆఫీసుకి వెళ్లి తమ పేరు తీయించి, ఉండిపోతున్నవాళ్ల పేర్లు రాయించి, డిపాజిట్ కూడా వాళ్ల పేరుకి మార్పించి వెళ్లండి. అక్కడ ఉండే పిల్లవాడికి అదే మీరు చేసే అసలు సాయం.